నల్లరేగడికి ఏది కొరత? సంజామల సీమ సేద్యపు కథ



ఇవాళ మనం నంద్యాల జిల్లా సంజామల ప్రాంతపు సేద్యం గురించి, దాని వెనకటి కథ గురించి కాసేపు ముచ్చటించుకుందాం. చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. అవి మన వద్దా వున్నవి. సంజామల మండలంలో నొస్సం వుంది, పక్కనే ఉయ్యాలవాడ వుంది. అయితే మనిషికి వున్నట్టే పొలానికీ ఒక చరిత్ర వుంటుంది. ఒకే నేల ఒక కాలంలో ఇల్లు నింపుతుంది, మరొక కాలంలో ఇల్లు ఖాళీ చేస్తుంది. ఎందుకని? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే రేపటి సేద్యానికి పనికొస్తుంది. అందుకే ఈ ప్రసంగం.

పంట బాగా రావాలంటే ఏం కావాలని ఊళ్లో నలుగుర్ని అడిగి చూడండి. నీళ్లు కావాలని ఒకరంటారు. ఎరువు కావాలని ఇంకొకరంటారు. మంచి విత్తనం, కూలీలు, గిట్టుబాటు ధర అని మిగిలినవాళ్లంటారు. ఏదీ తప్పు కాదు. కాని అన్నీ ఒక్కసారిగా కొరత పడవు. పగిలిన బాన వుందనుకోండి. పగులు ఏ ఎత్తున వుందో ఆ ఎత్తు దాకానే నీళ్లు నిలుస్తాయి. పైన ఎంత పోసినా లాభం లేదు. పైరుకు కావలసిన వాటిలో ఏది అన్నిటికంటె తక్కువగా వుందో అదే దిగుబడికి హద్దు గీస్తుందని జర్మనీ దేశంలో స్ప్రెంగెల్, ఆ తర్వాత లీబిగ్ అనే శాస్త్రజ్ఞులు 19వ శతాబ్దం మొదటి సగంలోనే చెప్పారు. వారు చెప్పింది నేలలోని పోషకాల గురించి. మనం ఆ మాటను మొత్తం సేద్యానికే వర్తింపజేసుకుని, మన నల్లరేగడిలో పగులు ఏ కాలంలో ఎక్కడ వుండిందో చూద్దాం.

ముందు నేల సంగతి. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యన కుందేరు. ఈ లోయలో పడమటి భాగాన సంజామల, నొస్సం, పేరుసోముల, ఆకుమళ్ల వంటి ఊళ్లున్నాయి. 1985లో మండలాలు ఏర్పడక ముందు ఇవన్నీ కోయిలకుంట్ల తాలూకా కిందివి. ఇక్కడి పొలాల్లో ఎక్కువ భాగం నల్లరేగడి. దీని స్వభావం మీకు నేను చెప్పనక్కర లేదు. తడిస్తే ఉబ్బుతుంది, బంకలాగా కాలికి పట్టుకుంటుంది. ఎండితే మనిషి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల్లోకి పైమన్ను రాలుతుంది, మళ్లీ వానకు నేల మూసుకుంటుంది. అందుకే దీన్ని తనను తాను దున్నుకునే నేల అంటారు.

ఈ నేల గొప్పతనమంతా తేమను దాచుకోవడంలో వుంది. లోతైన రేగడి ఒక మీటరు లోతుకు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా మొక్కకు అందే తేమను పట్టి వుంచగలదు. ఈ సీమలో సాలుకు పడే వాన 25 అంగుళాలకు కాస్త అటూ ఇటూ. అందులో అధిక భాగం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. అందువల్ల మన పెద్దలు ముంగారిలో నేలను గుంటకతో తోలుతూ, కలుపు లేకుండా వుంచి, వాన నీటిని నేలకు తాపి, హింగారిలో విత్తనం వేసేవారు. ఆ తర్వాత ఒక్క వాన పడకపోయినా, నేలలో దాచిన తేమతోనే, మంచు పదునుతోనే జొన్న గింజ కట్టేది. నిజంగా చెప్పాలంటే నల్లరేగడి రైతుకు చెరువు వేరే ఎక్కడో లేదు, కాళ్ల కిందనే వుంది.

ఈ సంగతి మనసులో పెట్టుకుని రెండు వందల ఏళ్లు వెనక్కి పోదాం.

1800 సంవత్సరంలో నైజాం నవాబు ఈ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అందువల్లనే చాలా కాలం ఈ జిల్లాలను దత్తమండలాలు అన్నారు. 1928లో నంద్యాలలోనే జరిగిన సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన మీదట రాయలసీమ అన్న పేరు నిలిచింది. కంపెనీ తరఫున 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా వున్నాడు. ఆనాడు భూమికి కొరత లేదు. యుద్ధాలతో, దోపిడీలతో చెదిరిపోయిన ఊళ్లలో దున్నేవాడు లేడు, దున్నడానికి ఎద్దు లేదు. బానలో పగులు అక్కడ వుండింది. అందుకే ఎద్దులకూ, విత్తనాలకూ, బావులకూ తకావీ అప్పులిచ్చి సేద్యం నిలబెట్టవలసి వచ్చింది. మన్రో పొలం పొలం కొలిపించి రైతు పేర శిస్తు కట్టించాడు. ఆ శిస్తు బరువెక్కువనే సంగతి ఆయనకే తెలుసు. నూటికి 25 వంతున తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేశాడు. వెంటనే ఎవరూ ఆలకించలేదు.

శిస్తు రొక్కంలో కట్టాలి. రొక్కం జొన్నతో రాదు, పత్తితో వస్తుంది. కాబట్టి ఇంటికి జొన్న, శిస్తుకు పత్తి అన్న పద్ధతి మన సీమలో గట్టిపడింది. జొన్న గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు. పత్తి సర్కారుకూ, సాహుకారుకూ. మరుసటి ఏడు పైర్లను తారుమారు చేసి వేసేవారు. పత్తి వేరు లోతుకు దిగేది, జొన్న వేరు పైమట్టిని అల్లుకునేది. అవసరం కొద్దీ పుట్టిన పద్ధతే అయినా నేలకు అది మేలే చేసింది.

ఇనాం భూముల సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. ఊరి కాపలా కాసే కట్టుబడులకు జీతానికి బదులు భూములుండేవి. కంపెనీ వాటిని తిరిగి లాగుకోవడం మొదలుపెట్టింది. పాలెగాళ్ల కుటుంబాల భరణాలు కూడా ఒకటొకటిగా ఆగిపోయాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడి కోయిలకుంట్ల ఖజానా మీద పడినప్పుడు ఆయన వెంట నడిచినవారిలో ఈ కట్టుబడులు చాలామంది. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోయిలకుంట్లలోనే ఉరితీశారు. దీన్ని వీరగాథగా మనం చెప్పుకుంటాం. సేద్యం కంటితో చూస్తే ఇంకొకటి కూడా కనబడుతుంది. భూమి రేపు తనదో కాదో తెలియనివాడు గట్టు వేయడు, పెంట తోలడు. హక్కు కూడా పంటకు ఒక ఎరువే.

ఇక నీళ్ల కథ వినండి. ఇది మన జిల్లా చరిత్రలో పెద్ద పాఠం.

సర్ ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టి డెల్టాను పచ్చగా మార్చాడు. అక్కడ అంత లాభం వచ్చింది కదా, తుంగభద్ర నీటిని కర్నూలు సీమకు తెస్తే ఇక్కడా అంతే లాభం రాదా అని లండనులో ఆశ పుట్టింది. 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఒక ప్రైవేటు సంస్థ లేచింది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి 5 వంతున వడ్డీ వస్తుందని సర్కారు హామీ ఇచ్చింది. సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టారు. అక్కడినుంచి నంద్యాల మీదుగా, కుందేరు లోయ వెంట, కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ తవ్వారు. అదే మన కె.సి. కాలువ. 1870 ప్రాంతానికి నీళ్లు వదిలారు.

నీళ్లు వచ్చాయి. రైతు రాలేదు!

‘అదేంది సామీ, ఈ కరువు సీమలో నీళ్లు వద్దన్నారా?’ అని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. వద్దన్నారు. దానికి కారణాలున్నాయి. వాన సరిగా పడిన ఏడు నల్లరేగడికి కాలువ నీళ్లతో పని లేదు, జొన్నా పత్తీ నేల పదునుతోనే పండుతాయి. నీళ్లు పెడితే నీటితీరువా కట్టాలి. వరి వేయాలంటే మడులు కట్టాలి, పెంట తోలాలి, కూలీలు కావాలి, ఎక్కువ ఎద్దులు కావాలి. నీరు దిగే దారి లేని రేగడిలో తడి నిలిచిపోయి నేల చెడుతుందన్న భయం వుండనే వుంది. గోదావరి డెల్టాకు కొలిచిన కొలతతో కుందేరు లోయను కొలిచారు. అక్కడే పొరపాటు జరిగింది. కంపెనీ లెక్క తప్పింది. చివరకు 1882లో సర్కారే ఆ కాలువను కొనుక్కోవలసి వచ్చింది.

అయితే దీన్నిబట్టి కాలువ పనికిమాలినదని అనుకోకూడదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహాకరువులో వాన పూర్తిగా ఎగబెట్టింది. అప్పుడు కాలువ దగ్గరి రైతులు నీటికోసం ముందుకు వచ్చారు, ఆ నీరు కొన్ని ఊళ్లను ఆదుకున్నది. తర్వాతి కాలంలో వరికి అలవాటు పడి, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మాగాణి పెరిగి, కె.సి. కాలువ ఎందరికో అన్నం పెట్టింది. నీరు ఎప్పుడూ విలువైనదే. కాని ఏ నేలకు, ఏ పైరుకు, ఏ అదనులో కావాలో తెలియకపోతే ఆ విలువ చేతికి రాదు. ఆ లెక్క ఇంజనీరుకు తట్టలేదు. కుందేరు రైతుకు తెలుసు, అతన్ని ఎవరూ అడగలేదు.

ఆ మహాకరువు మన జిల్లాను ఎంత దెబ్బ తీసిందంటే, 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. మనుషుల లెక్కే ఇట్లా వుంటే గొడ్ల సంగతి వేరే చెప్పాలా? కరువులో ముందు చచ్చేది ఎద్దు. ఎద్దు చస్తే మరుసటి ఏడు వాన పడినా దున్నేది లేదు. అంటే ఒక ఏటి మేత కొరత మూడేళ్ల తిండి కొరతగా మారుతుంది. జొన్నచొప్ప వామి ఇంటి ముందు వుందంటే అది పశువుకు మేత మాత్రమే కాదు, ఇంటికి బీమా అన్నమాట. కలిగిన రైతు వామిని రెండో ఏటికి కూడా మిగుల్చుకునేవాడు. పిల్లను ఇచ్చేముందు ఇంటి గరిసెతోపాటు వామిని కూడా చూసేవారంటే అందులో అర్థం వుంది.

మేతకు ఇంకొక ఆధారం అడవి. నల్లమలలో, ఎర్రమలలో పసులు మేసి వచ్చేవి. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. అడవికి హద్దులు పెట్టారు, మేతకు పుల్లరి కట్టమన్నారు. అడవిని కాపాడవలసిన అవసరం లేదని ఎవరూ అనరు. అయితే పసులకు వేరే దారి చూపకుండా అడవి తలుపు మూస్తే పేద రైతు ఎటు పోవాలి? ఈ పుల్లరి కష్టమే 1922లో పల్నాటిలో కన్నెగంటి హనుమంతు తిరుగుబాటుకూ, ఆయన బలికావడానికీ దారితీసింది.

ఆ కాలంలోనే, 1889 చివర్లో, వోల్కర్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు మన దేశపు సేద్యాన్ని చూడడానికి వచ్చాడు. ఏడాదికి పైగా తిరిగాడు. 1893లో ఆయన నివేదిక అచ్చయింది. హిందూదేశపు రైతుకు సేద్యం తెలియదని ఆనాటి దొరలు అనుకునేవారు. వోల్కర్ ఆ మాట ఒప్పుకోలేదు. రైతుకు తెలివి కొరత లేదు, వనరుల కొరత వుందన్నాడు. వంటచెరకు దొరక్క పేడను పిడకలు చేసి కాల్చడం వల్ల నేలకు పోవలసిన ఎరువు పొయ్యిలోకి పోతున్నదనీ, ఊరూరికీ వంటచెరకుకూ మేతకూ వేరుగా వనాలు పెంచాలనీ చెప్పాడు. ఆ మాట పూర్తిగా అమలు జరిగి వుంటే మన పల్లెల చుట్టుపక్కల బంజర్లు ఇట్లా కంపచెట్ల పాలు అయ్యేవి కావు.

20వ శతాబ్దం వచ్చింది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం పెట్టారు. ఇది ఈనాటికీ నడుస్తున్నది. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద వుంది. మొదట్లో దాని ముఖ్యమైన పని పత్తి, జొన్న. మన ప్రాంతపు దేశవాళీ పత్తికి మద్రాసు బజారులో ‘నార్దరన్స్’ అని పేరు, బళ్లారి వైపు పత్తికి ‘వెస్టరన్స్’ అని పేరు. కల్తీ గింజలోంచి మంచి మొక్కల్ని ఏరి, వాటి గింజను వేరుగా పెంచి, రైతుకు ఇవ్వడం అక్కడ మొదలైంది. విత్తనం కొరత అన్న పగులును పూడ్చే ప్రయత్నం అది.

1930లలో ఇంకొక అడుగు పడింది. బళ్లారి దగ్గర హగరిలో మెట్టసేద్యపు పరిశోధన మొదలైంది. అదే కాలంలో షోలాపూరు, బిజాపూరు, రాయచూరు, రోహ్‌తక్‌లలో కూడా ఇటువంటి కేంద్రాలు పెట్టారు. అక్కడ తేలిన సంగతులు వింటే మనకు నవ్వు వస్తుంది, ఎందుకంటే సగం మన పెద్దలు చేసేవే. వాలుకు అడ్డంగా గట్లు వేయండి, వాన నీరు పొలంలోనే ఇంకనివ్వండి, కలుపు తీసి తేమ కాపాడండి, విత్తనం పలచగా వేసి సాలు ఎడంగా తీయండి. కాని పెద్దలు అనుభవంతో చెప్పినదాన్ని వీరు తూకం వేసి, కొలిచి చూపించారు. దేనివల్ల ఎంత లాభమో తేలింది. అనుభవమూ పరిశోధనా కలిసిన చోటనే సేద్యం ముందుకు పోతుంది. అదే కాలంలో అమెరికా మధ్య మైదానాల్లో పచ్చికబయళ్లను తెగదున్ని గోధుమ వేసినవారు, వాన ఎగబెట్టగానే నేలంతా దుమ్మై లేచిపోతుంటే చూస్తూ వూరుకోవలసి వచ్చింది. నేల స్వభావం తెలియకపోతే ఎంత ధనిక దేశానికైనా అదే గతి.

స్వరాజ్యం వచ్చాక మార్పులు వేగంగా వచ్చినవి. 1964లో సి.ఎస్.హెచ్.-1 అనే సంకర జొన్న విడుదల అయింది. గింజ బాగా పండింది, కాని పొట్టి జొన్న, చొప్ప తక్కువ. ఎద్దులున్న రైతు దాన్ని చూసి ‘గింజ నాకు సరే, ఎద్దుకేం పెట్టేది?’ అన్నాడు. హింగారిలో పొడుగు తెల్లజొన్ననే వదలకుండా వేశాడు. శాస్త్రజ్ఞులకు కూడా అప్పుడు తెలిసివచ్చింది, జొన్న పైరుకు రెండు దిగుబడులున్నవి, ఒకటి గరిసెకు, ఒకటి వామికి అని. గింజా చొప్పా రెండూ ఇచ్చే హింగారి రకాల కోసం నంద్యాల క్షేత్రం పనిచేసింది. ‘నంద్యాల తెల్ల జొన్న’ అన్న పేరుతో అక్కడినుంచి వచ్చిన రకాలు ఆ కోవలోవే.

తర్వాత జొన్నకు దెబ్బ వేరే దిక్కునుంచి తగిలింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడికి అన్నం దొరికింది, ఎంతో మంచి జరిగింది. కాని సంగటి, రొట్టె తినే ఇళ్లు అన్నానికి మారాయి. జొన్నకు ధర లేదు. మరొక పక్క ట్రాక్టరు వచ్చింది, ఎద్దుల కాడి తగ్గింది. ఎద్దు లేని ఇంట్లో చొప్పకు పని లేదు. గింజకూ, చొప్పకూ రెంటికీ అవసరం తగ్గితే జొన్న ఎవరు వేస్తారు?

పత్తికి పురుగుల బాధ, మందుల ఖర్చు. పొద్దుతిరుగుడు కొన్నాళ్లు, ధనియాలు కొన్నాళ్లు. ఆ సమయంలో వచ్చింది శనగ.

శనగ మనకు కొత్త కాదు. మంచు పడే వేకువన శనగ చేలో గుడ్డ పరచి, ఆకు మీది పులుపును పట్టి, పులుసుకు దాచుకోవడం మన అవ్వలకు తెలుసు. కాని అది చిల్లర పంటగానే వుండేది. కర్ణాటకనుంచి వచ్చిన అన్నిగేరి రకం కొంత వ్యాపించింది. 1999లో జె.జి.-11 అనే రకం విడుదల అయింది. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమూ, పటాన్‌చెరువులోని ఇక్రిశాటూ కలిసి దీన్ని తయారుచేశాయి. ఇందులో ఏం విశేషం వుందంటారా? మన శీతకాలం చిన్నది. సంక్రాంతి దాటిందంటే ఎండ ముదురుతుంది, నేలలో తేమ అడుగంటుతుంది. జె.జి.-11 సుమారు మూడు నెలలకే, 95 నుంచి 100 రోజుల్లో చేతికొస్తుంది. తేమ అయిపోకముందే కాయ ముదురుతుంది. ఎండుతెగులును కూడా తట్టుకుంటుంది. కంపెనీవారు నేలకు నీరు తెచ్చి పైరును మార్చబోయారు. ఈసారి నేలలో వున్న నీటి లెక్కకు సరిపడే పైరును తెచ్చారు. మొదటిది చతికిలబడింది, రెండోది నిలిచింది.

ఎంతగా నిలిచిందంటే, 2000 నుంచి 2009 లోపల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శనగ సుమారు 1 లక్ష హెక్టార్లనుంచి 6 లక్షల హెక్టార్లకు పెరిగింది. హెక్టారు దిగుబడి 6 క్వింటాళ్ల లోపునుంచి 14 క్వింటాళ్లకు ఎక్కింది. దక్షిణాదిలో శనగ పండదన్నవాళ్లు నోళ్లు మూసుకున్నారు. సంజామల, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ చేలన్నీ హింగారిలో శనగతో నిండిపోయాయి. కోతకు కూలీలు చాలకపోతే నంద్యాల క్షేత్రం నిటారుగా పెరిగే రకాన్ని, యంత్రంతో కోయడానికి వీలైనదాన్ని, తీసుకొచ్చింది. రైతులు మిద్దెలు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. 2016లో నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు కూడా మొదలై సంజామలలో, నొస్సంలో ఆగింది. ఈ మేలును ఎవరూ కాదనలేరు.

అయితే సోదరులారా, బానకు ఒక పగులు పూడ్చితే నీటిమట్టం పెరుగుతుంది. పెరిగి ఇంకొక పగులు దగ్గర ఆగుతుంది. ఇప్పుడు మన బానకు పగులు ఎక్కడుంది?

ఏటా అదే పొలంలో అదే శనగ వేస్తున్నాం. ఎండుతెగులు, వేరుకుళ్లు తెచ్చే బూజులు నేలలోనే కాచుకుని వుంటాయి. పైరు మారితే వాటి బలం తగ్గుతుంది, మారకపోతే పెరుగుతుంది. శనగ తన వేరు బుడిపెల్లో నత్రజనిని తయారుచేసుకునే మాట నిజమే. కాని నేలకు కావలసింది నత్రజని ఒక్కటే కాదు. పెంట తోలక ఎన్నేళ్లయింది? పశువులు లేవు కాబట్టి పెంట లేదు. చొప్ప లేదు కాబట్టి పశువులు లేవు. జొన్న లేదు కాబట్టి చొప్ప లేదు. ఇదంతా ఒక గొలుసు. పెంట పడని రేగడిలో సేంద్రియ పదార్థం తగ్గుతుంది, మట్టి గట్టిపడుతుంది, వాన నీరు ఇంకడం తగ్గి వాలు వెంట పారిపోతుంది. అంటే కాళ్ల కింద వున్న చెరువుకే గండి పడుతున్నదన్నమాట! పైగా ఒక్క పంటను నమ్ముకున్న ఊరికి ధర పడిపోతే గతి లేదు. శనగ ధర పడిన ఏళ్లలో బస్తాలు శీతల గిడ్డంగుల్లో పెట్టి, వడ్డీలు కట్టుకుంటూ ఎదురుచూసిన బాధ మీకు తెలియనిది కాదు. కౌలు రైతుకు ఆ బాధ రెండింతలు. రేపు ఈ చేను తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు పెంట ఎందుకు తోలుతాడు? కట్టుబడుల కాలంనాటి ప్రశ్నే ఇది, వేషం మార్చుకుని వచ్చింది.

మరి ఏం చేద్దాం? శనగ మానేయమని నేను చెప్పడం లేదు. మానేస్తే ఇల్లు గడవదు. జొన్నల కాలానికి తిరిగి పోదామనడం కూడా కలే. కాని కొన్ని పనులు మన చేతిలో వున్నవి.

ఒకటి, పొలమంతా శనగే వేయకుండా మూడోవంతో నాలుగోవంతో హింగారి జొన్నకు వదిలి, ఏటా ఆ భాగాన్ని మారుస్తూ రావడం. తెగుళ్లు తగ్గుతాయి, ఇంట్లో నాలుగు మోపుల చొప్ప వుంటుంది. పాడిగేదె వున్నవాళ్లకు ఇది రొక్కమే. ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. వాన లేక వాడిన లేత జొన్నను పశువులను మేయనివ్వవద్దు, నాము ఎక్కి చచ్చిపోతాయి.

రెండు, వాన ముందుగా, బాగా పడిన ఏడు, లోతైన నేలల్లో ముంగారిలో కొర్ర వేసి, దాని వెనక శనగ వేయడం. నంద్యాల క్షేత్రంనుంచి వచ్చిన సూర్యనంది వంటి తక్కువ దినాల కొర్ర రెండున్నర నెలలకు కోతకొస్తుంది. గింజకు ఇప్పుడు పట్నాల్లో గిరాకీ వుంది, గడ్డి పశువుకు పనికొస్తుంది. కాని వాన ఆలస్యమైతే ఈ ఆశ పెట్టుకోవద్దు. కొర్ర తేమంతా తాగేస్తే శనగకు మిగిలేది వుండదు.

మూడు, వేసవిలో శనగ కోసిన చేలో గొర్రెల మంద కట్టించుకోవడం. మన పక్కల ఇది పాత పద్ధతే. మంద పడుకున్న చేను మరుసటి ఏడు వేరుగా కనబడుతుంది. గొర్రెలకాపరికి మేత, రైతుకు ఎరువు, ఇద్దరికీ మేలు.

నాలుగు, వాలుకు అడ్డంగా గట్లు, గట్ల మీద మేతగడ్డి. ఇది హగరి చెప్పిందీ, మన తాతలు చేసిందీ. ఇప్పుడు గట్టు చెరిపి రెండు సాళ్లు ఎక్కువ వేస్తున్నాం. ఆ రెండు సాళ్లలో వచ్చే గింజ కంటే గట్టు ఆపే మన్ను విలువైనది.

సోదరులారా, ఇప్పటికీ మన తిరునాళ్లలో బండలాగుడు పందేలు జరుగుతాయి. ఒంగోలు జాతి ఎద్దులు నిగనిగలాడుతూ బండను ఈడుస్తుంటే ఊరు ఊరంతా కేకలు వేస్తుంది. ఆ ఎద్దు ఇప్పుడు పందేనికే మిగిలింది, చేనికి దూరమైంది. దాన్ని తిరిగి కాడికి కట్టమని కాదు. కాని ఆ ఎద్దు వున్నప్పుడు మన నేలకు దక్కిన చొప్ప, పెంట, పైరు మార్పిడి, ఈ మూడింటినీ ఏదో ఒక దారిన మళ్లీ నేలకు దక్కించాలి. గోదావరి కొలతతో కుందేరును కొలిచి ఒక కంపెనీ దెబ్బతిన్నది. ఒక్క ఏటి ధరతో నేలను కొలిచి మనం దెబ్బతినకూడదు.

ఈ ఏడు విత్తనం వేసేముందు ఒక్కసారి గట్టు మీద నిలబడి, ‘ఈ చేనికి ఇప్పుడు ఏది కొరత?’ అని మీకు మీరే ప్రశ్న వేసుకోండి. జవాబు ఆ నేలే చెబుతుంది.